పొడుచు ఎద్దును, అరిగిన బాల్ జాయింటును



ఈ నెల మేము వ్రాయుచున్న సంగతిలో గొప్ప సంభవమేదియు లేదు. బండి బోల్తా పడలేదు. ఎవరికిని గాయము తగులలేదు. మా స్త్రీల సమాజమువారు పదునలుగురు మా సంఘపు పికప్ బండి యెక్కి, క్రిస్మసునకు ముందు పది రాత్రులు కోనసీమ కాలువ గట్ల మీదుగా ఊరూర తిరిగి, పాటలు పాడి, క్షేమముగా ఇండ్లకు చేరిరి. తరువాతి ఆదివారమున వారిలో ఒక సహోదరి ఆరాధనలో లేచి నిలిచి, ఆ ప్రయాణములన్నిటిలో కాపాడినందుకు దేవునికి స్తోత్రము చెల్లించెను. సంఘమంతయు ఆమేన్ అనెను. మేము నలుగురము మాత్రము అనలేకపోతిమి.

మేమనగా సంఘకాపరియు, ముగ్గురు పెద్దలును. ఆ బండి ముందు కుడి చక్రమును పట్టి నిలుపు కీలు అరిగిపోయినదనియు, అది ఎప్పుడైనను ఊడవచ్చుననియు మాకు తెలియును. పది రాత్రులు గడచిన తరువాత తెలిసినది కాదు. మొదటి రాత్రికి ముందే తెలియును.

ఏ హానియు జరుగనప్పుడు తప్పు జరిగినదని చెప్పవచ్చునా? ఈ ప్రశ్నను మేము చాల దినములు మాలో మేము త్రిప్పుకొంటిమి. మీ సంఘములలోను పాత బండ్లున్నవి, పాత కరెంటు తీగెలున్నవి, పగుళ్లు వేసిన గోడలున్నవి. గనుక మా సంగతిని దాచక మీ ముందు పెట్టుచున్నాము.

ముందుగా బండిని గూర్చి చెప్పవలెను. దానిని ఎనిమిదేండ్ల క్రిందట ఒక అరటిగెలల వర్తకునియొద్ద పాతదిగా కొంటిమి. ఇప్పుడు దాని మీటరు 3,40,000 కిలోమీటర్లు దాటినది. భూమిని ఒకసారి చుట్టివచ్చుటకు సుమారు 40,000 కిలోమీటర్లు గనుక, ఆ బండి ఎనిమిదిమార్లు భూమిని చుట్టి తొమ్మిదవమారు బయలుదేరినట్లే. అదియు తారు లేచిపోయిన గట్ల మీద. మందిరము కట్టునప్పుడు సిమెంటు మోసినది. వరదలలో లంకవారికి బియ్యము మోసినది. పెండ్లి కుర్చీలు మోసినది, సమాధి పెట్టెలు మోసినది. అర్ధరాత్రి నొప్పులు పడుచున్న స్త్రీలను అమలాపురము ఆసుపత్రికి చేర్చినది. దానిమీద మాకు ఒక ముసలి పాలేరు మీద ఉండునంత ప్రేమ కలదు. ప్రేమ ఉన్నచోట లోపములు చూడబుద్ధి పుట్టదు. ఇదియు మా కథలో ఒక భాగమే.

అక్టోబరు నెలనుండి బండి ముందుభాగమున ఎడమవైపు కటకటమని చప్పుడు మొదలయ్యెను. ప్రతి గోతికిని ఒక చప్పుడు. ప్రక్కన కూర్చున్నవారు మాటలాడుకొనలేకపోయిరి. బడిపిల్లలు ఆ చప్పుడు విని, అయ్యగారి బండి వచ్చుచున్నదని దారి ఇచ్చుచుండిరి. నవంబరు చివర, క్రిస్మసు తిరుగుళ్లకు ముందు బాగుచేయింపవలెనని, రావులపాలెము ప్రక్కనున్న ఒక షెడ్డునకు తీసికొని పోతిమి.

అక్కడి మేస్త్రి ఆ చప్పుడు ఎక్కడనుండి వచ్చుచున్నదో అయిదు నిమిషములలో కనిపెట్టెను. మలుపులలో బండి ఒక ప్రక్కకు మిక్కిలి ఒరుగకుండ ముందు రెండు చక్రముల భాగములను కలుపు వంపు కడ్డీ యొకటి యుండును. దానిని తగిలించు చిన్న లింకులో రబ్బరు అరిగి, ఇనుము ఇనుమునకు కొట్టుకొనుచున్నది. “ఇది ఊరంతా వినపడుద్ది గానండి, మనిషిని చంపదు,” అని అతడు నవ్వి, కొత్త లింకు తెమ్మని మా డ్రైవరును అంగడికి పంపెను. ఈ డ్రైవరు మా సంఘపు యువకుడే, ఇరువది నాలుగేండ్లవాడు. అతడు ఆ సమయమున అక్కడ లేడన్న సంగతి మీరు జ్ఞాపకముంచుకొనవలెను.

“ఎలాగూ వచ్చారు కదండీ, రెండో పక్క కూడా చూస్తానుండండి,” అని మేస్త్రి చప్పుడు లేని కుడివైపునకు పోయెను.

చక్రమునకు క్రిందుగా నుండు ఇనుప చేతిని వారు లోయర్ ఆర్మ్ అందురు. మా బండిలో స్ప్రింగు ఆ చేతిమీదనే కూర్చుండును. అతడు ఆ చేతి క్రిందనే, చక్రమునకు వీలైనంత దగ్గరగా జాకీ పెట్టి, టైరు నేలనుండి లేచునంతమట్టుకు ఎత్తెను. జాకీని ఛాసిస్ క్రింద పెట్టినయెడల స్ప్రింగు బలము కీలును బిగబట్టి, దాని లోపలి వదులును కనబడనీయదట. మీద నున్న బరువు దించిన తరువాతనే కీలు తన నిజము చెప్పును. తరువాత చక్రమును మీదను క్రిందను పట్టి ఊపెను, కదిలెను. మాలో ఒకరిని బ్రేకు త్రొక్కి పట్టుమని చెప్పి మరల ఊపెను. దోషము బేరింగులో ఉన్నయెడల బ్రేకు త్రొక్కగానే ఆ కదలిక ఆగవలెను. ఆగలేదు. అప్పుడు టైరు క్రింద గడ్డపార దూర్చి మెల్లగా పైకి లేపెను. చక్రము టక్కుమని లేచి టక్కుమని దిగెను. రెండు వడ్లగింజలను ప్రక్కప్రక్కన పెట్టినంత మేర, అంతే. కాని అంత మేర అక్కడ ఉండవలసినది కాదు.

“చూశారా అయ్యగారూ? ఇదండి అసలు జబ్బు. ఇది మోగదు.”

బాల్ జాయింటు అనగా ఏమో ఎరుగనివారి కొరకు చెప్పుచున్నాము. మన తుంటియెముక వంటిదే అది. గిన్నెవంటి గూటిలో గుండ్రని ఇనుప గుండు కూర్చుండి, చక్రము అటునిటు తిరుగుటకును, పైకి క్రిందికి ఆడుటకును చోటిచ్చును. గూటి మూతికి రబ్బరు తొడుగు ఉండును. లోపల గ్రీజు ఉండును. రబ్బరు చిరిగినచో కాలువనీరును బురదయు లోపలికి దిగును. గ్రీజు కొట్టుకొనిపోవును. ఆ మీదట త్రుప్పును ఇసుకయు గుండును దినదినము కొరుకును. చాల కాలము వరకు దాని చప్పుడే వినబడదు, ఎందుకనగా బండి బరువంతయు ఆ గుండును గూటిలోనికి అదిమిపట్టి యుంచును. ఒక దినమున గుండు గూటిలోనుండి ఊడివచ్చును. అప్పుడు చక్రము బండి క్రిందికి ముడుచుకొనును. స్టీరింగు త్రిప్పినను ప్రయోజనము లేదు. బ్రేకు గొట్టము తెగినచో బ్రేకును లేదు. మా దారికి ఒక ప్రక్క కాలువ, ఒక ప్రక్క పల్లపు చేలు.

“ఎన్నాళ్లు ఆగుద్ది మేస్త్రీ?” అని అడిగితిమి.

“అది నేను చెప్పలేనండి. రేపు గోతిలో పడితే రేపే ఊడొచ్చు. సంక్రాంతి దాకా లాగొచ్చు.”

అతడు చెప్పినవి రెండు మాటలు. మా చెవులకు రెండవదే వినబడెను.

రెండువైపుల బాల్ జాయింట్లు, ఆర్ముల బుష్షులు, టై రాడ్ ఎండ్లు, కూలి, చివర వీల్ అలైన్‌మెంటు, అన్నియు కలిపి 14,000 రూపాయలు అగునని అతడు లెక్క చెప్పెను. సంఘ నిధిలో నున్నది 11,600. ఆ సొమ్ము విధవరాండ్రకు చీరలకును, క్రిస్మసు విందునకును అప్పటికే ఏర్పాటైనది. మేము లింకు మాత్రము వేయించుకొని, 450 రూపాయలిచ్చి వచ్చితిమి. ఊడుటకున్న ఆ ఒక్క కీలు మట్టుకు మార్చినచో ఎంత అగునని మేము అడుగలేదు. తరువాత అడిగితిమి, మూడు వేలు దాటదట. ఆ దినమున ఎందుకు అడుగలేదో ఇప్పుడు మాకు తెలిసినట్లే యున్నది. అడిగినయెడల జవాబు వచ్చును; మూడు వేలనగా మా చేతిలో నున్న సొమ్మే.

తిరిగి వచ్చునప్పుడు బండిలో చప్పుడు లేదు. ఊరిలో అందరును, “బండి బాగైందే” అని సంతోషించిరి. మేమును నవ్వితిమి. చప్పుడు చేయు దోషము పోయినది, చప్పుడు చేయని దోషము ఉన్నది. చూచువారికి మాత్రము బండి కొత్తది. మేము ఎవరికిని అబద్ధము చెప్పలేదు. వారు నమ్మినదానిని దిద్దలేదు, అంతే.

ఆ రాత్రి మేము కూడి మాటలాడుకొన్న మాటలను కొంచెము పరీక్షింతము. వాటిలో ఏ ఒక్కటియు దుర్మార్గుని మాట కాదు. అందుకే అవి మోసము చేసినవి.

ఇన్నేండ్లు కాపాడిన దేవుడు ఈ పది రాత్రులు కాపాడడా అని ఒకరంటిమి. ఇది విశ్వాసపు మాటవలె వినబడును. కాని మత్తయి సువార్త నాలుగవ అధ్యాయములో, దేవాలయ శిఖరమునుండి దుముకుమని మన ప్రభువును శోధించినవాడును కాపుదలను గూర్చిన వాగ్దానమునే ఎత్తి చెప్పెను. ప్రభువు ఆ వాగ్దానము అబద్ధమనలేదు, దుముకలేదు. పైగా అక్కడ దుముకుమన్నది ప్రభువును మాత్రమే. మేము దుముకనిచ్చినది పదునలుగురు స్త్రీలను, ఒక యువకుని.

మేస్త్రులు పని కొరకు లేనిపోని జబ్బులు చెప్పుదురు అని ఇంకొకరంటిమి. అట్టివారు లోకములో లేకపోలేదు. కాని అదే మేస్త్రి అదే గంటలో ఎడమవైపు చప్పుడు ప్రాణమునకు అపాయము కాదని చెప్పినప్పుడు మేము పూర్తిగా నమ్మితిమి. 450 రూపాయల మాటకు అతడు సత్యవంతుడు, 14,000 రూపాయల మాటకు మోసగాడు ఎట్లగును? పైగా అతడు మమ్మును నమ్ముమనలేదు. గడ్డపార మా చేతికే ఇచ్చి లేపి చూడుమనెను. మేము లేపి చూచితిమి.

ఈ చుట్టుప్రక్కల బండ్లన్నియు ఇట్టివే గదా అనునది మూడవ మాట. దీనిలో కొంత న్యాయమున్నది గనుక మరల వత్తుము.

మోషే ధర్మశాస్త్రములో ఎద్దును గూర్చిన విధి యొకటి కలదు. నిర్గమకాండము 21వ అధ్యాయము, 28, 29 వచనములలో దానిని చదువుకొనవచ్చును. సాధారణముగా మనము త్వరగా దాటిపోవు పుటలవి. ఒకని ఎద్దు ఎవరినైనను పొడిచి చంపినయెడల ఎద్దును చంపవలెను గాని, యజమానుడు నిర్దోషి. అయితే ఆ ఎద్దు మునుపటినుండి పొడుచునదై, ఆ సంగతి యజమానునికి తెలియజేయబడినను అతడు దానిని కట్టివేయక విడిచినయెడల, అప్పుడు యజమానుని ప్రాణము కూడ లెక్కలోనికి వచ్చును. రెండు సంగతులలోను ఎద్దు ఒక్కటే, కొమ్ములు ఒక్కటే, చనిపోయినవాడును ఒక్కడే. మారినది ఒక్కటే: ఎవరో వచ్చి యజమానునితో చెప్పిరి.

ఇట్టి విధి ఇశ్రాయేలీయులకే గాక పొరుగు జనములకును ఉండెను. క్రీస్తుకు పూర్వము సుమారు 1750 ప్రాంతమున బబులోనును ఏలిన హమ్మురాబి రాజు రాతిపై చెక్కించిన చట్టములలోను, పొడుచునదని తెలిసిన ఎద్దు కొమ్ములను కప్పక, దానిని కట్టక విడిచినవానికి శిక్ష ఉన్నది. అక్కడ అర మినా వెండితో తీరిపోవును. మోషే చట్టము దానిని ప్రాణముతో తూచినది. ఎద్దు పోయి మోటారు వచ్చినను ఈ తూకము మారలేదు. 2005వ సంవత్సరములో టయోటా కంపెనీ అమెరికాలో అమ్మిన ఏడు లక్షలకు పైగా పికప్పులను, జీపుల వంటి పెద్ద బండ్లను ముందు బాల్ జాయింట్ల దోషము కొరకు వెనుకకు పిలువవలసి వచ్చెను. ఆ బండ్లన్నిటికిని చక్రము ఊడలేదు. ఊడవచ్చునని తెలిసిన తరువాత యజమానులకు చెప్పి, ఉచితముగా చూచి మార్చవలసిన బాధ్యత కలిగెను.

అయినను ఎద్దు విధి మా ప్రశ్నకు పూర్తిగా జవాబియ్యదు. అది ఒకడు చనిపోయిన తరువాత మాటలాడునది. మా సంగతిలో ఎవరును చనిపోలేదు. అందుచేత మాలో ఒక పెద్ద ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనమును తీసెను. కొత్త ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెను. అక్కడనుండి ఎవడైనను పడినయెడల ఆ రక్తదోషము ఇంటిమీదికి రాకుండునట్లు ఈ ఆజ్ఞ. ఇక్కడ ఇంకను ఎవరును పడలేదు. ఇల్లు క్రొత్తది, ఇంకను ఎవరును మిద్దె యెక్కియుండరు కూడ. అయినను ఆజ్ఞ ఉన్నది. పిట్టగోడ లేని మిద్దెమీద నూరేండ్లు ఎవరును పడకపోయినను, ఆ నూరేండ్లు అతడు ఆజ్ఞ మీరినవాడే. మా పది రాత్రుల లెక్కయు అంతే గదా అని ఆ పెద్ద అనినప్పుడు, మేము చాలసేపు మాటలాడలేదు.

ఇంకొక సాక్షిని పిలువవలసి యున్నది. అతడు మన పక్షమువాడు కాడు. ఇంగ్లండులో విలియం కింగ్డన్ క్లిఫర్డ్ అను గణితశాస్త్రజ్ఞుడు 1877లో, నమ్మకమును గూర్చిన నీతి ఏమి అని ఒక వ్యాసము ప్రచురించెను. ఒక ఓడ యజమానుడు కలడు. ఓడ పాతది, మరమ్మతు కావలెనని అనుమానములున్నవి. వలసపోవు కుటుంబములు దానిలో ఎక్కవలసి యున్నవి. అతడు తన అనుమానములను ఒక్కొక్కటిగా అణచుకొని, ఇన్ని తుపానులు దాటిన ఓడ ఈ ఒక్క ప్రయాణము దాటదా అని, దైవము కాపాడునని, నిజముగానే నమ్మి దానిని పంపును. ఓడ మునుగును. అతడు అపరాధి అని ఎవరైనను చెప్పుదురు. అయితే క్లిఫర్డ్ ఇంకొక అడుగు వేసెను: ఓడ మునుగక క్షేమముగా చేరినను అతని అపరాధము రవంతయు తగ్గదనెను. ఎందుకనగా అతడు నమ్మినది సరియా కాదా అనునది కాదు, అట్లు నమ్ముటకు అతనికి హక్కు కలదా అనునదే ప్రశ్న. క్లిఫర్డ్ ఈ మాటను మతవిశ్వాసమునకు విరోధముగా వాడెను. ఆ భాగములో అతనితో మాకు ఒప్పుదల లేదు. కాని ఓడ యజమానుని అతడు మా కమిటీ గదిలో కూర్చుండి చూచి వ్రాసినట్లున్నది. ఆ మాట అవిశ్వాసి చెప్పెను గదా అని త్రోసివేయుట మాకు న్యాయముగా తోచలేదు.

ఇప్పుడు ఆ మూడవ మాటకు వత్తుము. బీదవారి బండ్లన్నియు అరిగినవే. బుష్షులు చిట్లినవి, షాక్ అబ్సార్బర్లు నూనె కార్చునవి, టైర్లు ఒక ప్రక్క నున్నబడినవి. అన్నిటిని కొత్తగా వేయించువరకు కదలకూడదంటే ధనవంతులు మాత్రమే తిరుగవలెను; ఆసుపత్రికి పోవలసిన గర్భిణి గట్టుమీదనే పడియుండవలెను. ఇది నిజమే. అరిగిన దానిని తోలుటయే పాపమని మేము చెప్పబోము. మేస్త్రి ఈ భేదమును మాకంటె బాగుగా ఎరుగును. బుష్షు అరిగితే బండి ఒక ప్రక్కకు లాగును, టైరు తినివేయును, ఒడలు నొప్పి పెట్టును. సొమ్ము చేరువరకు నెమ్మదిగా తోలుకొనవచ్చును. బరువు మోయు కింది బాల్ జాయింటు వదులైతే ఓర్చుకొనుటకు ఏమియు లేదు. ఉన్నంతసేపు ఉండును, పోయినప్పుడు ఒక్కసారే పోవును. ఉన్న కొద్ది సొమ్ము ముందుగా దేనికి పోవలెనో ఈ భేదమే చెప్పును. మేము దానిని తలక్రిందులు చేసితిమి. మోగినదానికి ఇచ్చి, మోగనిదానిని విడిచితిమి. మనస్సాక్షి విషయములోను మన వాడుక ఇట్టిదే కాదా? సంఘములో తగవుపడి కేకలు వేయువానికి నలుగురము పరుగెత్తుదుము. నోరెత్తక లోలోపల అరిగిపోవుచున్నవాని ఇంటికి ఎవరు పోవుదురు? సరే, ఇది వేరొక నెలకు.

కొందరు, మీరు ఆ షెడ్డునకు పోకుండ ఉన్నయెడల ఏ దోషమును లేకపోవును గదా అని అడిగిరి. తెలియనివాని ఎద్దు వంటిదే గదా మీ బండియును అనిరి. మా ఊరికి కొంత దూరములో ఒక ఆసామి తన బండిని ఏండ్ల తరబడి ఏ మేస్త్రికిని చూపడు. చూపితే ఏదో ఒకటి చెప్పుదురని. అతడు మాకంటె నిర్దోషియా? ఎద్దు విధిలో యజమానునికి తెలియజేయబడినదా అని మాత్రమే ఉన్నది. చెప్పవచ్చువానిని చూచి వేరొక సందులోనికి తప్పుకొనిన యజమానుని గూర్చి అక్కడ వ్రాయబడలేదు. మా నలుగురిలో ఈ విషయమున రెండు అభిప్రాయములున్నవి. అతని తప్పు మా తప్పుకంటె చిన్నదని ఇద్దరమందుము. తప్పుకొనుటకు సందు వెదకినవానికి కొంత తెలిసియే యుండవలెనని ఇద్దరమందుము. మూడు వేల సంగతి ఆ దినమున అడుగని మేమును అట్టి సందులోనికే తప్పుకొంటిమని అందరమును ఒప్పుకొనుచున్నాము.

డ్రైవరు సంగతి మిగిలినది. అతనితో మేము చెప్పినది, “మెల్లగా పోనీ బాబూ, స్త్రీలున్నారు” అని మాత్రమే. అతడు మెల్లగానే పోనిచ్చెను, ఎందుకో ఎరుగడు. చక్రము ఊడి బండి కాలువలో పడినచో పోలీసులు మొదట పట్టుకొనువాడు అతడే. సరుకుల బండిలో మనుష్యులను ఎక్కించుటయే చట్టవిరుద్ధము. అది మా వేరొక తప్పు, అదియు మా ఆజ్ఞ చొప్పుననే అతడు చేసినది. నేరము చేసినవాడుగా అతని పేరు, ప్రమాదమునకు చింతించు పెద్దలుగా మా పేర్లు పత్రికలో వచ్చియుండును.

ఆ స్తోత్రము చెల్లించిన ఆదివారము మధ్యాహ్నమే మేము స్త్రీల సమాజమును, డ్రైవరును పిలిచి ఉన్నది ఉన్నట్లు చెప్పితిమి. వారు ఏడ్తురనియో, క్షమింతురనియో అనుకొంటిమి. మొదట ఎవరును ఏమియు అనలేదు. అప్పుడు అరువది యేండ్లు దాటిన ఒక తల్లి అనెను:

“ముందే చెప్పుంటే నడిచెళ్లేవాళ్లం కదండీ అయ్యగారూ. ఆరూళ్లు దగ్గరివే. దూరపూళ్లకి బస్సుంది.”

చీరల సంగతియు వచ్చెను. ఆ సొమ్ము మీ చీరలకని ఉంచితిమని చెప్పితిమి. “చీరలు సంక్రాంతికి కట్టుకుంటే కాదా అండీ?” అని ఇంకొక విధవరాలు అడిగెను. ఆమె కోపముగా అడుగలేదు. నిజముగానే తెలిసికొనగోరి అడిగెను. మా యొద్ద జవాబు లేదు. వారి ప్రాణములను గూర్చియు, వారి చీరలను గూర్చియు మేమే నిర్ణయించితిమి; రెండింటిలో ఏ ఒక్కదానినైనను వారిని అడుగలేదు. బీదరాండ్రు కొత్త చీరను వదలుకొనలేరని మేము తలంచియుండవచ్చును. ఇది బాల్ జాయింటుకంటె మమ్మును ఎక్కువగా బాధించినది.

ఒక సహోదరి మాత్రము లేచి, “నా కోడలు ఆరో నెల కడుపుతో కూర్చుంది ఆ బండిలో,” అని ఒక్కమాట చెప్పి వెళ్లిపోయెను. స్తోత్రము చెల్లించినది ఆమెయే. డ్రైవరు తాళపుచెవి బల్లమీద పెట్టి బయటికి పోయి నిలిచెను.

మరునాడే బండిని షెడ్డునకు పంపితిమి. తోలుకొని కాదు, వేరొక బండి మీద ఎక్కించి. విందు సొమ్ము మిగిలినదానికి మేము నలుగురము మా చేతినుండి చేర్చితిమి. మేస్త్రి చూచి, “పది రోజులు మనుషుల్ని ఎక్కించారాండీ దీన్లో?” అని మాత్రము అడిగి పనిలోనికి దిగెను. జాకీని ఒక్కదానినే నమ్మక, ఛాసిస్ క్రింద కొయ్య దిమ్మలు పేర్చెను. లోయర్ ఆర్మ్ క్రింద వేరొక జాకీ పెట్టియుంచెను. అది లేకుండ కీలు విప్పినయెడల అదిమి యున్న స్ప్రింగు ఎగిరి మనిషిని కొట్టును. స్ప్లిట్ పిన్ను తీసి, నట్టు కొంచెము మాత్రమే వదులు చేసి, గుండు కాడ బిగుసుకొనియున్న ఇనుపభాగము ప్రక్కన సుత్తితో రెండు దెబ్బలు వేసెను. అది విడివడెను. పాత కీలును చేత పట్టుకొని వంచగా, గుండు దాని బరువుకే అటునిటు వాలిపోయెను. కొత్తది మా వ్రేళ్ల బలమునకు కదలనే కదలదు.

ఎడమవైపు కీలు ఇంకను కొంత బాగుగనే యుండెను. అయినను రెండును ఒకే వయస్సువి, ఒకే గట్టు మీద తిరిగినవి గనుక దానిని కూడ మార్పించితిమి. కొత్త నట్టు బిగించునప్పుడు పిన్ను రంధ్రము ఎదురు రాకపోగా, మేస్త్రి కుర్రవాడు నట్టును కొంచెము వెనుకకు త్రిప్పబోయెను. మేస్త్రి వాని చేతిమీద కొట్టి ముందుకే బిగింపజేసెను. బుష్షుల బోల్టులను బండి నేలకు దించి, చక్రములమీద బరువు పడిన తరువాతనే పూర్తిగా బిగించెను; గాలిలో బిగించిన బుష్షు మెలిపడి త్వరగా చిరుగునట. చివర అలైన్‌మెంటు చూపించి, 13,700 రూపాయలు తీసికొనెను.

ఇప్పుడు బండిలో ఒక పుస్తకమున్నది. మీటరు అంకెయు, ఏది ఎప్పుడు చూచినదియు దానిలో వ్రాయుచున్నాము. ప్రతి 5,000 కిలోమీటర్లకు చక్రము లేపి చూడవలెను; చూచునప్పుడు డ్రైవరు అక్కడ ఉండవలెను; అతడు వద్దన్న దినమున బండి కదలకూడదు. మనుష్యులను వెనుక ఎక్కించుట మానితిమి. డ్రైవరు నాలుగు దినముల తరువాత తాళపుచెవి తీసికొనెను. జనవరిలో ఒకమారు అతడు వద్దనెను, బ్రేకు సంగతి. ఆ దినమున కుర్చీలు మోయుటకు ఎడ్లబండి దొరకక, ట్రాక్టరు అద్దెకు 800 రూపాయలిచ్చితిమి.

వెళ్లిపోయిన సహోదరి రెండు ఆదివారములు మందిరమునకు రాలేదు. మూడవ ఆదివారము ఆరాధనకు ముందు వచ్చి, ఆ ఇనుపముక్క ఎక్కడ ఉన్నదని అడిగెను. పాత కీలును మేము కమిటీ గది కిటికీలో ఉంచితిమి. ఆమె దానిని చేతిలోనికి తీసికొని, గుండు కాడను వ్రేలితో అటు త్రోసెను, ఇటు త్రోసెను.

“ఇదేనా?”

“ఇదేనమ్మా,” అంటిమి.

ఆమె దానిని మరల కిటికీలో పెట్టి, కుళాయి దగ్గర చేతి జిడ్డు కడుగుకొని, కోడలిని వెంటబెట్టుకొని లోపలికి పోయి కూర్చుండెను.